నలభై గజాల వంపు

“తాడు ఎడమకి జరపండమ్మా. కంచె ఇక్కడ వంపు తిరగాలి,” అన్నాడు ముసలాయన.

బ్రిజెట్ నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది. ఎదురుగా నున్నగా దున్నిన పొలం. చెట్టు లేదు, గట్టు లేదు, రాయి కూడా లేదు.

“ఏముందని తిరగాలి, క్లిఫర్డ్?”

“ఏమీ కనపడదు. కానీ తిరగాలి.”

నైజెల్ పకపకా నవ్వాడు. ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఇంకొకళ్ల మాటలో తలదూర్చకపోతే ఆయనకు పూట గడవదు.

“దెయ్యాలు నడిచే దారేమో. వదిలేద్దామా, హెడ్‌మిస్ట్రెస్ గారూ?”

బ్రిజెట్ బడి వదిలి ఆరేళ్లయింది. ఆ పిలుపు మాత్రం ఆమెను వదల్లేదు.

శనివారం వస్తే చాలు, ఇంగ్లండులోని మా సఫోక్ పల్లెలో పన్నెండు మంది పారలు పట్టుకుని పొలంలోకి దిగుతారు. కూలి లేదు, టీ ఉంటుంది. పొలానికి అటు చివర ఒక తోపు, ఇటు చివర ఒక తోపు. ఒకప్పుడు రెండింటినీ కలుపుతూ మొక్కల కంచె ఉండేది. పొలాలు పెద్దవి చేయాలని యాభై ఏళ్ల కిందట దాన్ని పీకించేశారు.

ఇటు తోపులో బంగారు రంగు చిట్టెలుకలు ఇంకా కొన్ని మిగిలాయి. కొమ్మ మీంచి కొమ్మ మీదికి పోతాయి తప్ప అవి నేల మీద నడవవు. కంచె మళ్లీ లేస్తేనే అటు తోపుకు చేరతాయి. చేరకపోతే ఇంకో నాలుగేళ్లకు ఒక్కటీ ఉండదు.

బ్రిజెట్‌కు రాత్రింబవళ్లు అదే దిగులు.

“పీకినవాళ్ల చేతులు పడిపోను!” అని ఆమె తిట్టకుండా టీ తాగిన శనివారం లేదు.

క్లిఫర్డ్ సెప్టెంబరులో వచ్చి చేరాడు. ఎక్కడో నాలుగు ఊళ్ల అవతలి నుంచి బస్సులో వచ్చేవాడు. ఎవరని అడిగితే నవ్వేవాడు. మొక్క నాటి, మడమతో నొక్కి, రెండు వేళ్లతో లాగి చూసేవాడు. కదిలిందా, మళ్లీ మొదటికి. మిగతావాళ్లు పది నాటేలోపు ఆయనవి నాలుగు పూర్తయ్యేవి. రెండు మొక్కలకోసారి పార మీద వాలి ఆయాసపడేవాడు.

ఆ రోజు బ్రిజెట్‌కు ఓపిక లేదు. హద్దు గుర్తు పెట్టడానికి రైతు ఇచ్చిన గడువు సాయంత్రంతో సరి.

“చూడండి, రైతు ఇచ్చిన కాగితంలో గీత తిన్నగా ఉంది.”

“ఆ గీత గీసినాయన బూట్లకి బురద అంటి ఉండదమ్మా. నా మాట వినండి. ఇక్కడ తిన్నగా పోకూడదు.”

“ఎందుకో చెప్పండి మరి!”

ముసలాయన పార మీద వాలాడు.

“చెప్పలేను,” అన్నాడు.

“ఊరికి కొత్త మీరు. ఈ పొలం గురించి మీరా మాకు చెప్పేది? పొద్దు పోతోంది. వెళ్లి టీ సంగతి చూడండి.”

బ్రిజెట్ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తాడు తిన్నగానే సాగింది.

క్లిఫర్డ్ పన్నెండు మందికీ టీ కలిపాడు. కప్పులు కడిగాడు. ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ తరవాత ఏ శనివారమూ రాలేదు. పీడా పోయిందన్నాడు నైజెల్.

మే నెలలో కంచె పొడుగునా ఆకు వేసింది, మధ్యలో నలభై గజాలు తప్ప.

నైజెల్ ఒక మొక్క లాగాడు. వేరు నల్లగా కుళ్లిపోయి ఊడొచ్చింది. ఆ గుంటలోకి మెల్లగా నీళ్లు ఊరాయి.

“కింద ఊట ఉందండీ,” అన్నాడు నైజెల్. ఈసారి నవ్వలేదు. “ముసలాయన వంచమన్న చోటి నుంచే.”

“చిట్టెలుకకి నలభై గజాలంటే సముద్రం, నైజెల్. ఇది నా పొగరు చేసిన పని,” అంది బ్రిజెట్. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

హాజరు పుస్తకంలో అడ్రసు వెతుక్కుని ఆ సాయంత్రమే బయల్దేరింది. ఎనభై దాటిన ముసలావిడ తలుపు తీసింది. క్లిఫర్డ్ అక్క. పేరు మావిస్.

“ఆయన్ని పిలుస్తారా? క్షమించమని అడగాలి. వచ్చే చలికాలం తాడు ఆయనే పట్టాలి.”

మావిస్ ఆమె చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది.

“ఫిబ్రవరిలో పోయాడు తల్లీ. ఊపిరితిత్తులు. ఎక్కువ కాలం బతకడని ఆగస్టులోనే చెప్పేశారు డాక్టర్లు. పడుకోరా అంటే విన్నాడా? శనివారమైతే చాలు, బస్సెక్కేవాడు.”



“మీ తమ్ముడు మా మీద కోపంతో పోయాడా?” అంది బ్రిజెట్.

“కోపమా! చివరిదాకా కంచె ఎంతవరకొచ్చిందో అనే కలవరింత.”

“అప్పుడే అర్థం చేసుకోవాల్సింది మేము. ఆ నేల అంత బాగా తెలిసిందంటే, చిన్నప్పుడు ఆ పాత కంచెని సాకిన మనిషై ఉంటాడు.”

మావిస్ తల అడ్డంగా ఊపింది.

“సాకడమా! ఊట దగ్గర కంచె వంపు తిరిగి ఉంటే, ఎందుకుందో చూసుకోకుండా వీడు తిన్నగా పోనిచ్చాడు. బండి కడుపుదాకా దిగబడిపోయింది.”

“ఏం బండి?”

“బుల్డోజరు తల్లీ. పంతొమ్మిదేళ్లప్పుడు, ఆ తోపు నుంచి ఈ తోపు దాకా ఆ కంచె మొత్తాన్నీ పీకేసింది మా తమ్ముడే.”