వస్తోందా అమ్మా?

"కొంచెం వెనక్కి జరగండి పెద్దాయనా! వీపు మీదకెక్కేలా ఉన్నారు."

టైలరమ్మ కసిరేసరికి, ఎవరిదో బిల్లు కట్టిపెట్టడానికి వచ్చి వెనకాల నిలబడ్డ ముసలాయన దగ్గు ఆపుకుంటూ ఒకడుగు వెనక్కి వేశాడు.

ఆయన ఆమె పక్క గదిలోకి కొత్తగా అద్దెకు దిగిన మనిషే. దిగిన రోజు నుంచీ దగ్గే దగ్గు. మధ్యనున్నది పల్చటి గోడ కావడంతో ఆ దగ్గు ఆమె కుట్టుమిషన్‌తో పోటీ పడేది. వీధంతా ఆయన్ని దగ్గుల తాత అంటారు. ఆ పేరు పెట్టింది టైలరమ్మే.

ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసు జనంతో కిటకిటలాడుతోంది. జీవితాంతం ఉచితమని ఇంటింటికీ తిరిగి బ్రాడ్‌బ్యాండ్ బిగించి వెళ్లినవాళ్లు ఉన్నట్టుండి ఆఫర్ ఎత్తేశారు. ఎవరి జీవితమో ముందే అడగాల్సిందని జనం నవ్వలేక నవ్వుకుంటున్నారు.

"మా పాపకి మాట రాదు, వినపడదు. ఎక్కడో దూరాన హాస్టల్లో చదువుకుంటోంది. వీడియోలో చేతులతో మాట్లాడుకోవడమే మాకు దారి. మా గదిలో సెల్ సిగ్నలూ అందదు," కౌంటర్ అమ్మాయికి మొరపెట్టుకుంది టైలరమ్మ.

"వైఫై పేరేంటమ్మా?"

"చిట్టితల్లి. పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా!"

"పాస్‌వర్డ్ నేనడగలేదు."

అప్పటికే హాలంతా వినేసింది. వెనకాల కిసుక్కున నవ్వులు.

"డబ్బు కట్టే ప్లాన్ తీసుకోండమ్మా. పేరూ పాస్‌వర్డూ పాతవే పెట్టిస్తే మీ ఫోన్ దానంతటదే కలుపుకుంటుంది."

"ఆ స్తోమతే ఉంటే ఇక్కడ నిలబడి నీ మొహం చూస్తానా?"

"ఫిర్యాదు తీసుకున్నాం. తర్వాతెవరు?"

తర్వాతి వంతు ముసలాయనది. టైలరమ్మ ఆయన్ని తోసుకుంటూ విసవిసా బయటికి నడిచింది.

మర్నాడు పొద్దున్నే పక్క గదిలో డ్రిల్లింగ్ మొదలైంది. గోడ సున్నం రాలి, కుట్టి పెట్టిన జాకెట్ల మీద పడింది. ఆమె పరుగున వెళ్లి ఆయన గుమ్మం ముందు నిలబడింది.

"టీవీ తగిలిస్తున్నారా? దగ్గు చాల్లేదని పాటలు కూడా వినిపిస్తారా మాకు?"

"చిన్న పనమ్మా. అయిపోయింది."

"ముందు ఆ దగ్గుకి మందు వాడరాదూ?"

"వాడాలమ్మా," అన్నాడాయన.

ఆ సాయంత్రం టైలరమ్మ ఫోన్‌లో వైఫై గుర్తు వెలిగింది. తెర మీద చిట్టితల్లి మొహం విచ్చుకుంది. ఎలా వచ్చిందని చేతులు తిప్పి అడిగింది. పోట్లాడానని తల్లి పిడికిలి బిగించి చూపించింది. తల్లీకూతుళ్లిద్దరూ కళ్లు తుడుచుకున్నారు.

వీధిలో ఇంకెవరికీ నెట్ రాలేదు. దాంతో టైలరమ్మకి ఎక్కడలేని పరపతి వచ్చిపడింది.

"ఏం మంత్రం వేశావే?" అని ఎదురింటావిడ అడిగింది.

"మంత్రమా, మన్నా? నోరుండాలి వదినా. నోరున్నదాని దగ్గర వాళ్ల ఆటలు సాగవు!"

దగ్గుల తాతతోనే కొత్త తలనొప్పి మొదలైంది. సరిగ్గా తల్లీకూతుళ్లు మాట్లాడుకునే వేళకి ఆమె గుమ్మం దగ్గర ఆగి లోపలికి తొంగి చూసేవాడు.

"వస్తోందా అమ్మా?" అన్నాడొకసారి.

"ఏంటి వచ్చేది? ఇక్కడేమన్నా సినిమా ఆడుతోందా?"

ఆ రోజే ఆమె గుమ్మానికి మందపాటి తెర కట్టేసింది. తర్వాత కూడా ఆ అడుగులు తెర అవతల కాసేపు ఆగి వెళ్లిపోయేవి.

కొన్నాళ్లకి అడుగులు వినపడలేదు. తర్వాత దగ్గూ వినపడలేదు. ఆస్పత్రిలో చేర్చారన్నారు. ఇక రాడన్నారు.

"అయ్యో పాపం," అంది టైలరమ్మ, మిషన్ తొక్కుతూనే. నిజం చెప్పాలంటే, గోడ అవతల నిశ్శబ్దం ఆమెకి హాయిగానే ఉంది.

ఆ వారాంతంలో చిట్టితల్లి ఏదో చెబుతోంది. "అమ్మా, నువ్వు..." అని చేతులు పైకెత్తింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే తెర మీద బిగుసుకుపోయాయి. వైఫై గుర్తు ఆరిపోయింది.

పక్క గదిలో చప్పుడు. టైలరమ్మ పరుగెత్తింది. ఇంటి యజమాని గది ఖాళీ చేయిస్తున్నాడు. కంపెనీ లైన్‌మన్ గోడ మీంచి తెల్లటి పెట్టె విప్పుతున్నాడు.

"మా నెట్ పోయింది బాబూ! నువ్వేమన్నా కదిపావా?"

"మీ లైన్ ఆఫర్ ఎత్తేసిన రోజే పోయిందిగా అమ్మా."

"లేదు, నా ఫిర్యాదు మీద మళ్లీ ఇచ్చారు."

"ఫిర్యాదు మీదా? ఒక్కరికి కూడా ఇవ్వలేదమ్మా. ఇది పెద్దాయన డబ్బు కట్టి తీసుకున్నది. పేరు చిట్టితల్లి అనే ఉండాలన్నాడు. పాస్‌వర్డ్ కూడా ఆయనే చెప్పాడు, ఒకటి నుంచి ఎనిమిది దాకా. సాయంత్రం లోపల నెట్ రావాలి, పాప ఎదురుచూస్తుందని నన్ను కదలనివ్వలేదు."

టైలరమ్మ గదంతా కళ్లతో వెతికింది. ఒక మంచం, ఒక కుండ, కొక్కేనికి ఒక చొక్కా. టీవీ ఎక్కడా లేదు.

చేతిలోని ఫోన్‌లో పాప చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. పక్క గది గోడకి డ్రిల్లు పెట్టిన చిల్లులు మాత్రం మిగిలాయి.

"మరి... ఆయన దేంట్లో చూసేవాడు?" అని అడిగింది.

లైన్‌మన్ పెట్టెని సంచిలో వేసుకుంటూ అన్నాడు.

"ఆయనా? ఆయనది మీటల ఫోనమ్మా, దానికి నెట్‌తో పనేముంది?"