నెత్తురు తినేవాళ్ళ ఊరు

గిన్నెలో పంది నెత్తురు గడ్డకట్టి ఉంది. దాని మీద ఈగ వాలింది.

రెజీనా మూత కింద పడేసి పెరట్లోకి పరుగెత్తింది. వాంతి చేసుకుంది. సిరిగేరి వరి మళ్ళలో కాళ్ళకు పట్టిన జలగలను పీకి పారేసిన మనిషి. అయినా తట్టుకోలేకపోయింది. నోరు కడుక్కుని వచ్చి గడప అవతలే నిలబడింది.

"ఏందిది? మన వంటింట్లో ఏందిది?"

"అలవాటు చేసుకోవాల," అన్నాడు విజయ్ కుమార్. "ఆడ దీన్ని పేగుల్లో కూరి, వేయించి, పొద్దున్నే పెడతారంట. వద్దంటే మొగం మాడ్చుకుంటారంట. తెల్లారి మన మాట ఎవరు వింటారు?"

విజయ్ కుమార్ కంటోన్మెంట్‌లో ఒక పాత సంఘానికి పాస్టరు. సువార్త పనికి సముద్రం దాటించి పంపడానికి సంఘం అతన్నే ఎంచుకుంది. భార్యా, చిన్న కూతురూ వెంట పోవాలి. అయితే ఆ సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. మగవాడు ఒప్పుకుంటే చాలదు. ఈస్టరు ఆరాధనలో భార్య లేచి, అందరి ముందూ "నేను పోతాను" అని తన నోటితో అనాలి. అనకపోతే ప్రయాణం లేదు.

ఈస్టరు రేపే.

మాటలు విని అత్త కృపమణి వచ్చింది. గిన్నెలోకి తొంగి చూసింది.

"థూ! మా అవ్వ కాలంలో సువార్త తెచ్చిన దొర మనోళ్ళకు బాప్తిస్మం ఇచ్చే పొద్దు ఒకటే మాట అడిగినాడంట. ఇంక నెత్తురు తినరు కదా అని. ఆ పొద్దు మానేస్తిమి. మళ్ళా కోడి నెత్తురు గూడా ఈ ఇంట్లోకి రాలేదు. నువ్వు పాస్టరై తెస్తివి కదరా!"

గిన్నె ఎత్తి మోరీలో కుమ్మరించింది. వీధి కుక్కలు మూగాయి.

మధ్యాహ్నానికి ముందే పిచ్చయ్య పాస్టరు వచ్చాడు. వీళ్ళు పోబోయే ఊళ్ళోనే రెండేళ్ళు పనిచేసి, ఒళ్ళు చెడి తిరిగొచ్చిన మనిషి. ఆయన్ను పిలిపించింది రెజీనానే.

"ఉన్నదున్నట్టు చెప్పండి అయ్యగారూ. దాయొద్దండి."

పిచ్చయ్య టీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నెత్తురు ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చమ్మా. కుక్కలు వాళ్ళ పక్కలోనే పండుకుంటాయి. తిన్న పళ్ళెం కుక్కతో నాకిస్తారు. కడిగి, దాంట్లోనే మనకు పెడతారు."

"ఇంకా?"

"దొడ్డికి పోతే నీళ్ళు ముట్టరు. తుడుచుకుని లేస్తారు. ఆ చేత్తోనే మన చెయ్యి పట్టుకుంటారు."

రెజీనా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, ఆ వాసన ఇక్కడిదాకా వచ్చినట్టు.

"ఆడా మగా ఒంటినిండా పచ్చబొట్లు. ముక్కుకు, పెదానికి, కడాకి నాలిక్కి గూడా ఇనుప పోగులు. మనిషి చస్తే రెండు మూడు వారాలు పూడ్చరు. అట్లే పెట్టుకుంటారు."

"యేసయ్యా!"

"ఏడాదికొకతూరి మనిషి బొమ్మ కట్టి, మంటల్లో ఏసి, చుట్టూ చేరి కేకలు పెడతారు. దేవుని మందిరమని ఒకటి ఉండాది. దాంట్లోనే కూచుని తాగుతారు."

"ముసలోళ్ళనో?" అంది కృపమణి.

"ఇంట్లో పెట్టుకోరమ్మా. తీసుకుపోయి యాడో ఒక తావులో వదిలి వస్తారు."

"థూ! వాళ్ళూ మనుషులేనా!"

"సుమ్మనె ఉండమ్మా, ఊరుకో," విసుక్కున్నాడు విజయ్ కుమార్. "దేవుణ్ణి ఎరగని జనం. అందుకే కదా పోయేది."

"పాపను ఆ మనుషుల్లో పెంచాల్నా?" అంది రెజీనా. "మీరు పోండి. నేను రేపు లేయను."

ఆమె లేవకపోతే తనూ పోలేడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఎండ తగ్గాక అందరూ సమాధుల తోటకు పోయారు. ఈస్టరు ముందురోజు సమాధులకు సున్నం కొట్టడం ఆ సంఘంలో అలవాటు. తమవాళ్ళవి ముగిశాక, ఎప్పటిలాగే, గోడ వారనున్న దొర సమాధికి వచ్చారు. దానికి సున్నం కొట్టడానికి దొర తరపువాళ్ళు ఈ దేశంలో ఎవరూ లేరు. కృపమణి పుట్టింటివాళ్ళే తరతరాలుగా కొడుతున్నారు. పక్కనే రెండు చిన్న గోరీలు. కలరాకు పోయిన దొర పిల్లలవి.

రెజీనా బ్రష్షు ముంచి, కొట్టకుండా ఆగింది.

"అత్తమ్మా, మనోళ్ళను చూస్తే దొరోళ్ళకు అసహ్యం కాలేదా?"

"కాకుండా ఉంటాదా? నెత్తురు వండుకుని తినేటోళ్ళం. దొరసాని మొదటి పొద్దు మన కేరిలోకి, గుడిసెల నడమకి వచ్చి, కుండలో ఉండేది చూసి, ఆడనే వాంతి చేసుకుందంట. మా అవ్వ చెప్పి నవ్వుతాండె."

"మళ్ళా?"

"మళ్ళా ఏముండాది? తెల్లారి మళ్ళా వచ్చిందంట."

రెజీనా ఆ చిన్న గోరీల దగ్గర కూర్చుంది. ముందు వాటికి సున్నం పూసింది. ఒక అంచు కూడా వదల్లేదు.

"రేపు లేస్తా," అంది, ఎవరి మొహమూ చూడకుండా. "ఆ నెత్తురు మాత్రం చచ్చినా నోట్లో పెట్టను."

విజయ్ కుమార్ దొర సమాధి తలరాతి మీద పేరుకున్న పాత సున్నాన్ని తాళంచెవితో గీకసాగాడు.

దొర పేరు బయటపడింది, దాని కింద ఆయన పుట్టిన ఊరి పేరు బయటపడింది: వచ్చే నెల వీళ్ళు దిగబోయే ఇంగ్లండు పల్లె.