వాగులో పోయినవి

తార్నాకలో తన ఇంటి వరండాలో కూర్చుని శేషాద్రి సార్ ఒక కాగితం ఇచ్చి, యూనివర్సిటీ నోటీసు బోర్డుకు అంటించమన్నాడు. ప్యూను ఉప్పలయ్య కూడబలుక్కుంటూ చదివాడు.

"అడవి దారిన శ్రీశైలం నడిచి వెళ్లడానికి దీపావళి తర్వాతే మంచి కాలం. శ్రావణంలో వాగులు పొంగుతాయి."

"గీ మాట నేను శ్రావణంలనే చెప్పిన గద సార్, ఇప్పుడు పోవద్దని."

"అనుభవమైతేనే కదప్పా తెలిసేది."

కింద ఇంకో వరుస ఉంది. "మొన్న శ్రావణంలో వాగు దాటుతుండగా మా జట్టుకు జరిగిన నష్టం: రెండు డేరాలు, ఒక వంటగిన్నె."

"ఇంకేమన్నా మరిచినానా?" సార్ అడిగాడు.

"అంతే సార్" అని ఉప్పలయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ డేరాల మూటను నెత్తిన మోస్తూనే అతని కొడుకు వాగులో కొట్టుకుపోయాడు.