బెర్జెర్ తోకకి జడ

"ఎప్పుడమ్ముతున్నావ్?" గుర్రాలసాలలో అడుగుపెడుతూనే నిలదీసింది ఒడెట్.

"ఏంటత్తయ్యా అమ్మేది?" అల్లుడు అర్మాన్ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"నా దగ్గరా నాటకాలు? వారంగా చూస్తున్నా. జడ విప్పేసినంత మాత్రాన తోకలో వంకీలు పోతాయా? ఇవాళ దొరికావ్. మోర్తాన్య సంతకి తోలుకెళ్ళే గుర్రానికి తప్ప దేనికేస్తారు జడ? నా కూతురు సీసాతో పాలు పట్టి పెంచింది ఈ బెర్జెర్‌ని. నా బిడ్డ పోయి ఏడాదన్నా కాలేదు, అప్పుడే దీన్నీ వదిలించుకుంటావా?"

ఏనుగుపిల్లంత గుర్రం తోక విదిలించింది. వంకర జడ సగం ఊడిపోయింది.

"ఆ దాచిందేంటో చూపించు."

అర్మాన్ గుప్పిట విప్పాడు. తెల్ల రిబ్బను.

"ఆదివారం చర్చిలో మన సొలాంజ్‌కి తొలి సత్ప్రసాదం కదండీ. అమ్మ వేసినట్టే జడ వెయ్యి నాన్నా అంటోంది. నేను వేస్తే నొప్పని ఏడుస్తోంది. అందుకే దీని మీద నేర్చుకుంటున్నా."

ఒడెట్ తలగుడ్డ తీసి, నెరిసిన జుట్టు విప్పుకుని, దాణా పెట్టె మీద అతనికి వీపు తిప్పి కూర్చుంది.

"గుర్రం వెంట్రుకలు మొరటు. వాటి మీద నేర్చుకుంటే పిల్లకి జడ వెయ్యడం రాదు. ఊఁ, మూడు పాయలు తియ్యి. వాళ్ళమ్మ కూడా ఈ తల మీదే నేర్చుకుంది."