తొలి పిడికిలి

"వదినె, బస్సుకు ఉరుకకు. ఫోనొచ్చింది. నిమ్మలంగ రమ్మన్నడు పిలగాడు."

గడప దాటకుండానే చెప్పాడు గురవయ్య. హనుమమ్మ అప్పటికే సంచి సర్దుకుంటోంది. భర్త లింగస్వామి కామెర్లు ముదిరి నల్లగొండ దవాఖానలో చేరి వారం దాటింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను కొడుకు దగ్గరుంది, తండ్రి మంచం పక్కన. కబురేదైనా మరిది గురవయ్య ఫోనుకే రావాలి.

"ఎట్లున్నడంట?"

"ఇంక సూదులు గూడ ఇస్తలేరంట." గురవయ్య చూపు వాకిట్లోని బకెట్టు మీద ఉంది. "పగటాల నా ఆటోల నేనే తోల్కపోత. అందాక మా మడిల నాలుగు గింజలు చల్లు."

సూదులు ఆపారంటే నెమ్మదించినట్టే. హనుమమ్మ గుండె కాస్త తేలికపడింది. నిన్న సాయంత్రం వస్తుంటే లింగస్వామి కొంగు పట్టుకున్నాడు. "పొద్దుగాల్నే రావాలె. నువ్వు పెడ్తెనే తింట" అన్నాడు చిన్నపిల్లాడిలా. నానబెట్టి గోనెసంచిలో మండె కట్టిన వడ్లు మొలకెత్తి ఉంటాయి, ఇంకా ఆగితే వేర్లు పెనవేసుకుంటాయని వచ్చింది గానీ, లేకపోతే ఆ మంచం వదిలేదే కాదు.

హనుమమ్మ చెయ్యి పడితే నారు ఎర్రబడదని ఊరి నమ్మకం. యాసంగి చలికి చుట్టుపక్కల నారుమళ్లు మాడిపోయినా, ఆమె చల్లిన చోట చిలకపచ్చగా లేస్తుంది. అందుకే ఎవరి మడిలోనైనా తొలి పిడికిలి ఆమెదే. అంతకుముందు ఆ మర్యాద బాలనర్సమ్మది. భర్త పోయినప్పటి నుంచి బాలనర్సమ్మ ఒడ్డు మీదే నిలబడుతుంది. మడిలో కాలు పెట్టదు. ఎవరూ పెట్టమనరు.

గురవయ్య భార్య శ్రీదేవి గంపలో తెచ్చిన వడ్లు చూసి హనుమమ్మ నొసలు ముడిచింది. ఏ గింజకో తప్ప మొలక ముక్కు పగల్లేదు.

"గిదేందే శ్రీదేవీ, ఇవి ఇంక నిద్రల్నే ఉన్నయి! గీ చలిల చల్లితే సగం మురుగుతయి. ఎల్లుండిదాక మండెల్నే ఉండనియ్యి."

"ఎల్లుండి నువ్వుంటవా అక్కా?" శ్రీదేవి అటు తిరిగి గంప ఎత్తింది. "దవాఖాన్ల ఉంటవాయె."

అదీ నిజమే. హనుమమ్మ కుచ్చెళ్లు ఎగదోపి దిగింది. బురద జిల్లుమంది. తూర్పు మూల నిలబడి, మణికట్టు తిప్పుతూ, పలచగా విసిరింది తొలి పిడికిలి.

"మాపటికి మడిల నీళ్లు తీసెయ్యిండ్రి. పొద్దుగాల బోరు నీళ్లు వెచ్చగుంటయి, అవి పెట్టుండ్రి. మర్చిపోతరు మీరు, మీ సోయంత ఫోన్ల మీదనే!"

శ్రీదేవి ఖాళీ గంప బోర్లించి దులిపింది.

ఒడ్డెక్కేసరికి నిర్మలమ్మ ఛాయ్ గ్లాసుతో ఎదురొచ్చింది. గట్టు పంచాయితీ అయిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఏందక్కా, నా మొఖం జూస్తె అన్నం పుట్టదంటివి?"

"ఎప్పటి ముచ్చటనో పట్టుకుంటవా. తాగు." నిర్మలమ్మ ఆమె నుదుటి మీద చెమటకు చెదిరిన బొట్టును వేలితో గుండ్రంగా దిద్దింది. "మా మడిల గూడ చల్లిపో, చెల్లె."

నిర్మలమ్మ మడి అయింది. దాని పక్కది అయింది. ఆ పక్కదీ అయింది. ఏనాడూ లేనిది, అందరి మళ్లూ ఒక్క పొద్దునే చదునై, నీళ్లు తీసి, తయారుగా ఉన్నాయి. అందరి వడ్లూ అరకొర మొలకలే. అందరూ ఆమెను అక్కా, వదినె, బిడ్డా అని నోరారా పిలిచారు. నడుము లాగుతున్నా హనుమమ్మ కాదనలేకపోయింది. రేపు దవాఖానలో ఏ అవసరం పడ్డా కావాల్సింది వీళ్లే కదా.

ఒడ్డు మీద నుంచి బాలనర్సమ్మ ఒక్కసారిగా కేకేసింది.

"ఓ సిగ్గులేనోళ్లారా! మీ నారు మన్నుగాను! ఇడువుండ్రి ఇగ దాన్ని. మొగని దగ్గరికి పోనియ్యిండ్రి!"

"ఏందత్తా, నా చెయ్యిని జూస్తె ఓర్వబుద్ధయితలేదా?" అని నవ్వింది హనుమమ్మ.

"అవ్ బిడ్డా. ఓర్వబుద్ధయితలేదు." ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. ఎవరో అన్నం తినమన్నారు. హనుమమ్మ వద్దంది. ఆయన తినకుండా కూర్చుంటే తనకెట్లా దిగుతుంది? తన మడి ఒక్కటి చల్లేస్తే ఇక బయలుదేరడమే.

గోనెసంచి మూతి విప్పింది. వెచ్చటి ఆవిరి చేతులకు తగిలింది. ఊరు మొత్తంలో అసలైన మొలకలు ఆమెవే, గింజ గింజకూ తెల్లగా, పొట్టిగా. పిడికెడు తీసి మడిలోకి వంగింది.

గురవయ్య గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. వదినెను అతను ఎన్నడూ తాకి ఎరుగడు.

"వద్దు వదినె. నీ మడిల శ్రీదేవి చల్లుతది."

"ఊరందరికి పనికొచ్చిన చెయ్యి నా మడికి పనికిరాదా మరిదీ?" అంది నవ్వుతూ.

లింగస్వామి తెల్లవారకముందే కన్ను మూశాడని, పిలిచిన ప్రతి ఇల్లూ ఆ సంగతి తెలిసే తనను పిలిచిందని హనుమమ్మకు చెప్పకుండా ఇంకాసేపు ఆపడానికి, ఆమె మడి తప్ప ఊళ్లో చల్లాల్సిన మడి మరొకటి మిగల్లేదు.