నలభై పౌండ్ల విల్లు

లాగడానికి ఎనభై పౌండ్ల బలం కావాల్సిన విల్లు లాగి బాణం వదిలాక, ఎవరైనా చూశారా లేదా అని కర్ట్ హాల్వర్సన్ కొట్టంతా కలయజూశాడు.

చూసింది ఇద్దరే. కొట్టు యజమానురాలు మార్లిస్. మూలన స్టూలు మీద కూర్చున్న ఒక ముసలాయన.

ఉత్తర విస్కాన్సిన్‌లో నవంబరు మొదటివారం అది. మగజింకలు ఆడవాటి వెంటపడి ఒళ్ళు మరిచే రోజులు. ఇళ్ళకప్పులు వేయించే కాంట్రాక్టరు కర్ట్ పనులన్నీ ఆపేసి, వేటకి కొత్త విల్లు కోసం వచ్చాడు.

ముసలాయన చేతిలో సన్నటి విల్లొకటి ఉంది. గంటన్నరగా దాన్ని లాగుతున్నాడు, దించుతున్నాడు, మార్లిస్ చేత నారి సరిచేయిస్తున్నాడు. ఒక్కో బాణపు మొననీ ముంజేతి వెంట్రుకల మీద గీసి చూస్తున్నాడు. వెంట్రుక తెగకపోతే పక్కన పెట్టి ఇంకోటి అడుగుతున్నాడు.

కర్ట్‌కి చిరాకేసింది.

"ఎన్ని పౌండ్లది తాతా అది?"

"నలభై."

"నలభయ్యా! మా చెల్లెలి కూతురు లాగుతుంది దాన్ని. జింకని చంపుతావా, చక్కిలిగింతలు పెడతావా?"

"దగ్గరికెళ్ళి వేస్తాను బాబూ. పదడుగుల్లోంచి."

"పదడుగులు రానివ్వడానికి అదేమన్నా నీ పెంపుడు కుక్కా?"

ముసలాయనకి కోపం రాలేదు. కర్ట్ చేతిలోని విల్లుకేసి చూశాడు.

"నీ మందపాటి కోటు తొడుక్కుని, ఈ స్టూలు మీద కూర్చుని దాన్నొకసారి లాగి చూడు. విల్లుని ఆకాశంలోకి ఎత్తకుండా లాగగలిగావా, అది నీది. లేదంటే అరవైకి దిగు. అరవై చాలు."

"నాకు నువ్వు చెప్తున్నావా?"

"చలికి గంటలు గంటలు కూర్చున్నాక భుజం ఇలా ఉండదు బాబూ."

"నీ భుజం సంగతి చెప్పు. నా భుజం రోజూ కప్పులెక్కుతుంది." కర్ట్ మార్లిస్ వైపు తిరిగాడు. "ఇలాంటి వాళ్ళని కూర్చోబెడితే ఇంక నీ కొట్టుకెవరొస్తారు?"

"చూడరాదూ ఒకసారి? పోయేదేముంది?" అంది మార్లిస్.

"పరువు పోతుంది."

ఎనభై పౌండ్ల విల్లూ, దానికి తగ్గ బాణాలూ పట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారకముందే అడవిలో చెట్టు మీది మంచె ఎక్కాడు. నేలంతా మంచు పేరుకుంది. నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నాడు. తొమ్మిది దాటాక వచ్చింది జింక. పది కొనల కొమ్ములు. ఇరవై అడుగుల్లో నిలబడింది.

కర్ట్ నారి లాగాడు. రాలేదు.

పళ్ళు బిగించి, విల్లుని ఆకాశంలోకి ఎత్తి, మళ్ళీ లాగాడు. ఆ కదలికకి జింక తల తిప్పింది. నారి మీద పట్టు తప్పి బాణం దూసుకుపోయింది.

గుండెకి తగలాల్సింది పొట్టకి తగిలింది.

జింక వీపు విల్లులా వంచి, పొదల్లోకి కుంటుకుంటూ పోయింది. పొట్టకి తగిలిన జింక త్వరగా చావదు. రాత్రి దాకా, ఒక్కోసారి మర్నాటి దాకా కూడా కొట్టుకుంటుంది. ఆ సంగతి కర్ట్‌కి తెలుసు. మధ్యాహ్నం దాకా రక్తపు చుక్కల వెంట నడిచాడు. దేవదారు చెట్ల చిత్తడినేల మొదలయ్యాక మోకాలి లోతు బురద, ఆకలి, పైగా చుక్కలు కూడా కనపడటం మానేశాయి.

"నక్కలు తింటాయిలే" అని వెనక్కి తిరిగాడు.

దారిలో ఎవరో మోకాళ్ళ మీద వంగి ఉన్నారు. కొట్టులో చూసిన ముసలాయనే. ఎండుటాకు మీద ఎండిన చుక్కని వేలితో తాకుతూ, పక్కనే గుర్తుగా చిన్న కాగితం ముక్క పెడుతున్నాడు.

"ఇది నీ జింకేనా బాబూ?"

కర్ట్ మొహం కందింది.

"నాది కాదు. నేను కొడితే అక్కడే పడుతుంది."

"సరే అయితే."

ముసలాయన లేచి, ఆయాసపడుతూ బురదలోకి దిగాడు.

'ఎంగిలికి ఎగబడే రకం' అనుకున్నాడు కర్ట్.

మర్నాడు కాఫీ హోటల్లో ఒక మాట విన్నాడు. ఎవరో ముసలాయన చిత్తడినేలలోంచి పది కొనల జింకని లాక్కొచ్చాడట. కర్ట్ కాఫీ అక్కడే వదిలేసి మార్లిస్ కొట్టుకి పరుగెత్తాడు.

"ఏడీ ఆ దొంగ? నా జింకని కొట్టేశాడు!"

"నీదా?" అంది మార్లిస్. "నీది కాదన్నావట కదా?"

కర్ట్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆయన నీ పేరు చెప్పలేదులే. అడవిలో నాది కాదన్నవాడు రేపు నాదంటూ వస్తాడు, తిట్టకుండా ఇచ్చెయ్ అన్నాడు. జింకలో దొరికిన నీ బాణానికి ఈకలు అంటించింది నేను. నాకు తెలియదా? మాంసం పెట్టెలో ఉంది, కొమ్ములు వెనకాల ఉన్నాయి. పట్టుకెళ్ళు."

"కొమ్ములు కూడా వదిలేశాడా?"

"వదిలేశాడు. ఆఖరి దెబ్బ కొట్టినవాడే సర్కారు ఇచ్చిన తన వేట చీటీ జింకకి కట్టాలి. మనిషికి ఏడాదికి ఒకటే. అది నీ జింకకి కట్టేశాడు."

కర్ట్ టోపీ తీసి చేత్తో నలిపాడు.

"ఎక్కడున్నాడు? ఒక మాట చెప్పాలి."

"పొద్దున్నే వెళ్ళిపోయాడు. విల్లు నాకే ఇచ్చేశాడు. నలభై పౌండ్లకి కూడా భుజం లేవట్లేదట. ఇంక రాడు."

"అయ్యో. మంచి వేటగాడే అయ్యుండాలి."

"వేటగాడా?" మార్లిస్ తలెత్తి చూసింది. "పాతికేళ్ళుగా మీలాంటి వాళ్ళు కొట్టి వదిలేసినవాటిని వెతికి బాధ తప్పించడమే తప్ప, గాయం లేని జింక మీద ఆయన ఒక్కసారి కూడా బాణం ఎక్కుపెట్టలేదు కర్ట్."