స్టీరియో ఫ్యూజు

కొత్త బ్యాటరీ వేసినా, పొద్దున్నే పాలకోసం తీసే పాత కారు మొరాయిస్తోంది. శేషగిరి రోజుకో ఫ్యూజు పీకి చూశాడు. స్టీరియో ఫ్యూజు పీకిన మర్నాడు బండి ఠక్కున స్టార్టయింది.

అతనెప్పుడూ స్టీరియో పెట్టడు. ఆఫీసుకు మెట్రోలో వెళ్తాడు కాబట్టి పగలంతా కారు ఇంటి దగ్గరే ఉంటుంది. రెండో తాళంచెవి భార్య కృష్ణకుమారి దగ్గరుంది. ఆమెకేమో డ్రైవింగే రాదు.

ఫ్యూజు మళ్ళీ బిగించి, ఆఫీసుకు సెలవు పెట్టి, ఢిల్లీ పక్కనే వైశాలిలోని తమ అపార్ట్‌మెంట్ సొసైటీ బేస్‌మెంట్‌లో స్తంభం చాటున నిలబడ్డాడు. మధ్యాహ్నం ఆమె వచ్చి కారులో కూర్చుంది. దించిన అద్దంలోంచి మగగొంతు వినిపించింది.

"ఏమోయ్ కుమారీ, అన్నం తిన్నావా? నువ్వు తినకపోతే నాకూ సయించదోయ్."

ఆమె కిలకిలా నవ్వింది. తన దగ్గర అలా నవ్వి ఎన్నేళ్ళయిందో! శేషగిరికి ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి కారు తలుపు లాగాడు. లోపల ఆమె ఒక్కతే ఉంది.

"సునో! ఎవడు వాడు?"

ఢిల్లీ వచ్చాక భార్యను పేరు పెట్టి కాక, 'విను' అనే ఆ హిందీ మాటతోనే పిలుస్తున్నాడు.

ఆమె స్టీరియోకున్న పెన్‌డ్రైవ్ చూపించింది. "మీరేనండీ. పెళ్ళికి ముందు పంపిన క్యాసెట్టు. ఇందులోకి ఎక్కించుకున్నాను."

గొంతు ఇంకా "కుమారీ, కుమారీ" అంటూనే ఉంది.

"ముందు వాణ్ణి ఆపు," అన్నాడు శేషగిరి.

"పూర్తవనీండి," అంటూ ఆమె తలుపు వేసుకుంది.